సెక్యూరిటీ గార్డు జేబులో లేని లైసెన్సు

సెక్యూరిటీ గార్డుకు మన దేశంలో లైసెన్సు ఉండదు. ఉండవలసింది అతన్ని పనిలోకి తీసుకునే ఏజెన్సీకి. ఇంత చిన్న సంగతి తెలియక, అప్పు చేసి మరీ "లైసెన్సు ఫీజు" కట్టినవారు నాకు తెలుసు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో నాకు చిన్న ఇంటర్నెట్ సెంటరు ఉంది. ఉద్యోగ దరఖాస్తులు నింపడం, జిరాక్సులు తీయడం, పాస్‌పోర్టు సైజు ఫొటోలు కొట్టడం నా పని. "బాబాయ్, సెక్యూరిటీ లైసెన్సుకు అప్లై చెయ్యాలి, ఫీజు ఎంత?" అని అడిగేవారు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. వారిలో చాలామంది ఆర్మీ ర్యాలీ కోసం ఏళ్ల తరబడి తెల్లవారుజామున పరుగులు తీసి, వయసు దాటిపోయాక ఆగిన కుర్రవాళ్లు. మిగిలినవారు నలభై దాటినవారు. చెన్నైలో కట్టడం పనుల్లోనో, గుజరాత్ తీరంలో వేట పడవల మీదో ఒళ్లు హూనం చేసుకుని ఇంటిముఖం పట్టినవారు. అందరి నోటా ఎవరో ఒక మధ్యవర్తి చెప్పిన మాటే వినిపిస్తుంది: లైసెన్సు ఫీజు, ట్రైనింగ్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ కడితే విశాఖపట్నంలో వెంటనే డ్యూటీ. ఒకతను గర్వంగా చూపించిన "లైసెన్సు" మామూలు ప్లాస్టిక్ కార్డు. ముందు మూడు సింహాల బొమ్మ, కింద ఏదో సంస్థ పేరు, వెనుక మెరిసే స్టిక్కరు. నా దుకాణంలో ఉన్న ప్రింటరుతో అరగంటలో నేనూ చేయగలను అలాంటిది.

పేచీ ఆ మధ్యవర్తితో మాత్రమే అయితే ఇంత పొడుగు వ్యాసం అవసరం లేదు, పోలీసు స్టేషనుకు దారి చూపిస్తే సరిపోయేది. నా పేచీ చట్టంతో కూడా.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టాన్ని పార్లమెంటు 2005లో చేసింది. అది 2006 మార్చి 14 నుంచి అమలులోకి వచ్చింది. లైసెన్సు తెచ్చుకోమని అది అడిగేది ఏజెన్సీని. ఒక్క జిల్లాలో వ్యాపారం చేయాలంటే ఫీజు 5,000 రూపాయలు, అయిదు జిల్లాల దాకా అయితే 10,000, రాష్ట్రమంతటికీ 25,000. ఇచ్చేది రాష్ట్ర హోం శాఖలోని కంట్రోలింగ్ అథారిటీ. అయిదేళ్లు చెల్లుతుంది. ఆ పత్రాన్ని ఏజెన్సీ తన కార్యాలయంలో పదిమందికీ కనిపించేలా పెట్టాలని 12వ సెక్షను చెబుతుంది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు, 25,000 దాకా జరిమానా, లేదా రెండూ. గార్డు కట్టవలసిన లైసెన్సు ఫీజు అనేది ఆ చట్టంలో మొదటి పేజీ నుంచి చివరి దాకా వెతికినా దొరకదు.

గార్డుకు ఉండవలసిన అర్హతలు పదో సెక్షనులో ఉన్నాయి. భారత పౌరుడై ఉండాలి, పద్దెనిమిదేళ్లు నిండాలి, అరవై అయిదు రాకూడదు. నడవడిక గురించి ఏజెన్సీకి నమ్మకం కలగాలి, శిక్షణ పూర్తి చేయాలి, శారీరక ప్రమాణాలు తూగాలి. కోర్టులో శిక్ష పడినవారు, దుష్ప్రవర్తన కారణంగా సైన్యం నుంచో పోలీసు శాఖ నుంచో తొలగించబడినవారు పనికిరారు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు, హోంగార్డులుగా చేసినవారికి ప్రాధాన్యం ఇవ్వవచ్చు. చదువు ఇంత ఉండాలని చట్టంలో లేదు. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు చదివి అర్థం చేసుకోగలిగితే చాలునని నియమాలు అంటాయి. "డిగ్రీ ఉంటేనే లైసెన్సు గ్రేడు వస్తుంది, లేకపోతే అదనంగా కట్టాలి" అని ఎవరైనా అంటే అది వారు అప్పటికప్పుడు అల్లిన కథ.

ఇక ఒంటి కొలతలు. కేంద్రం 2006లో నమూనా నియమాలు విడుదల చేసింది, 2020లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. రాష్ట్రాలు ఆ నమూనా చూసి తమ నియమాలు రాసుకుంటాయి. 2006 నమూనా ప్రకారం మగవారికి ఎత్తు 160 సెంటీమీటర్లు, ఆడవారికి 150. మగవారికి ఛాతీ 80 సెంటీమీటర్లు, గాలి పీల్చితే మరో నాలుగు పెరగాలి. కళ్లజోడుతోనో, లేకుండానో దూరపు చూపు 6/6 ఉండాలి. రంగులు గుర్తుపట్టాలి. వినికిడి లోపం ఉండకూడదు. మోకాళ్లు ఒకదానికొకటి తగలకూడదు, పాదం చదునుగా ఉండకూడదు. కిలోమీటరు దూరం ఆరు నిమిషాలలో పరుగెత్తాలి.

కోడి రామ్మూర్తి స్టేడియంలో చెమటోడ్చిన కుర్రవాడికి ఆ పరుగు ఒక లెక్కలోది కాదు. కానీ మన ఊళ్లో ఏటీఎం ముందు, ఆసుపత్రి గేటు దగ్గర, కల్యాణమండపం వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషిని ఒకసారి చూడండి. యాభై అయిదు దాటి ఉంటాడు. విజయనగరం వైపు అయితే మూతపడిన జూట్ మిల్లు నుంచి వచ్చినవాడు కావచ్చు, ఇటు అయితే నాగలి వదిలినవాడు. ఆరు నిమిషాలలో కిలోమీటరు అతని వల్ల కాదు. అది అతనికీ తెలుసు, ఏజెన్సీకీ తెలుసు, జీతం ఇచ్చే యజమానికీ తెలుసు. అందరికీ తెలిసి అందరూ కాగితం మీద "ఫిట్" అని రాసుకున్నారు.

ఉద్దానం వైపు నుంచి వచ్చేవారి సంగతి ఇంకా చిక్కు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కిడ్నీ జబ్బు ఎంతగా పాతుకుపోయిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కొబ్బరి తోటలో, జీడి తోటలో ఎండకు పనిచేయలేని స్థితికి వచ్చిన మనిషి ఇంట్లోవారికి చెప్పే మొదటి మాట "ఎక్కడైనా సెక్యూరిటీలో చేరతాను" అనే. కూర్చుని చేసే పని కదా అని అతని ఆశ. పన్నెండు గంటల రాత్రి డ్యూటీ, దగ్గరలో మరుగుదొడ్డి ఉండదు, దానికి భయపడి మంచినీళ్లు తక్కువ తాగడం. దెబ్బతిన్న కిడ్నీకి అంతకంటే చెడ్డ ఉద్యోగం వెతికినా దొరకదు. నియమాల ప్రకారం గార్డుకు ఏటా వైద్య పరీక్ష జరగాలి. ఆ పరీక్ష నిజంగా జరిగి, అందులో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూస్తే జబ్బు ముందే బయటపడుతుంది. కానీ బయటపడితే ఉద్యోగం ఊడుతుందని పరీక్షకు గార్డే దొరకడు. వైద్య పరీక్షను జల్లెడలా మాత్రమే వాడితే ఇదే జరుగుతుంది. పరీక్ష చేసిన ఏజెన్సీ ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు చేతిలో పెట్టి, పగటి డ్యూటీకి మార్చి, మరుగుదొడ్డి ఉన్న చోట వేయాలని నియమం ఉంటే గార్డు తానే వచ్చి రక్తం ఇస్తాడు.

నడవడిక తనిఖీ మరో తంటా. 2006 నమూనా నియమాల ప్రకారం గడిచిన అయిదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారో రాయాలి. ఒకటికంటే ఎక్కువ జిల్లాలలో ఉంటే జిల్లాకొక ఫారం. పోలీసులు తొంభై రోజులలోగా నివేదిక ఇవ్వాలి, అది మూడేళ్లు చెల్లుతుంది. పుట్టినప్పటి నుంచీ సొంత ఊళ్లోనే ఉన్నవాడికి ఇది సులువే. మన జిల్లాలో అలాంటివాడు ఎంతమంది? ఆరు నెలలు చెన్నై, ఏడాది హైదరాబాదు, ఒక సీజను వేరావల్, మళ్లీ పంటలకు ఇక్కడ. ఏ అద్దె గదికీ కాగితం ఉండదు. నిజాయతీగా నాలుగు జిల్లాలు రాసినవాడి ఫారం నాలుగు స్టేషన్లు తిరగాలి. ఒక్క సొంత ఊరే రాసి ఊరుకున్నవాడిది నెలలో తేలిపోతుంది. వలసను లెక్కలోకి తీసుకోని నియమం అబద్ధాన్ని పనిగట్టుకుని నేర్పిస్తుంది.

శిక్షణ దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, అసలు దోపిడీ అక్కడే. నమూనా నియమాలు తరగతి గదిలో 100 గంటలు, మైదానంలో 60 గంటలు, కనీసం ఇరవై పనిదినాలు అంటాయి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటలు, 16 గంటలు, ఏడు పనిదినాలు సరిపోతాయి. పాఠాల జాబితా చదివితే ముచ్చటేస్తుంది. మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, గుంపును అదుపు చేయడం, గుర్తింపు పత్రాలు పరిశీలించడం, పేలుడు పదార్థాలను అనుమానించడం, అలారాలు, తనిఖీ పరికరాలు వాడడం, ఆత్మరక్షణ హక్కు, ఎఫ్ఐఆర్ ఎలా రాయించాలి, పోలీసు, సైనిక హోదాల గుర్తులు. ఈ ఇరవై రోజులు నిజంగా కూర్చున్నవాడు మన వీధిలో ఉంటే ఆ వీధికి అదృష్టమే.

జరిగేది వేరు. కొత్తగా చేరినవాడికి ఒక విజిలు, ఒక టార్చి, ఒక రిజిస్టరు ఇస్తారు. పాత గార్డు ఒక పూట పక్కన నిలబడి బండ్లు ఎక్కడ పెట్టించాలో చూపిస్తాడు. శిక్షణ అయిపోయింది. గోడకు తగిలించిన ఎర్ర సిలిండరు పిన్ను లాగి, మంట పైన కాకుండా మంట మొదట్లో కొట్టాలని చెప్పే మనిషి ఉండడు. ఆసుపత్రిలో ఏ ఏసీయో షార్టు సర్క్యూటై పొగ కమ్ముకున్న రాత్రి అందరికంటే ముందు అక్కడ ఉండేది ఈ మనిషే. ఫైరింజన్ వచ్చేలోగా ఆ కొద్ది నిమిషాల భారం అంతా అతనిదే.

దీనికి అయ్యే ఖర్చు ఎవరిది? గార్డులకు శిక్షణ అందేలా చూడవలసిన బాధ్యతను తొమ్మిదో సెక్షను ఏజెన్సీ మీద పెట్టింది. బాధ్యత ఒకరిదైనప్పుడు బిల్లు మరొకరిది కాకూడదు. అయినా "ట్రైనింగ్ చార్జీ" పేరుతో మొదటి మూడు నెలల జీతంలో కోత పడుతుంది, జరగని శిక్షణకు. తొమ్మిది, పది సెక్షన్లను ఉల్లంఘించిన ఏజెన్సీకి 25,000 రూపాయల దాకా జరిమానా, లైసెన్సు రద్దు కూడా ఉన్నాయి. ఫిర్యాదు చేయవలసిన గార్డు మాత్రం అదే ఏజెన్సీ దయ మీద బతుకుతుంటాడు.

గార్డుకు దక్కే ఫొటో గుర్తింపు కార్డు సంగతి చూడండి. దాన్ని ఇచ్చేది ఏజెన్సీ. పని మానితే తిరిగి ఇచ్చేయాలని 17వ సెక్షను చెబుతుంది. అందులో అన్యాయం ఏమీ లేదు, ఆ సంస్థ పేరున్న కార్డుతో బయట తిరగకూడదు కదా. కానీ కార్డుతో పాటు అతని చరిత్ర అంతా వెళ్లిపోతుంది. పోలీసు తనిఖీ నివేదిక ఏజెన్సీ ఫైలులో, వైద్య పరీక్ష కాగితం అదే ఫైలులో, శిక్షణ పత్రం కూడా చాలాచోట్ల ఆ ఫైలులోనే. పదేళ్లు చేసినవాడు పక్క ఏజెన్సీ గుమ్మం ఎక్కితే మళ్లీ మొదటి రోజు గార్డే. మళ్లీ ఫొటోలు, మళ్లీ ఫారం, మళ్లీ యూనిఫాం డిపాజిట్, మళ్లీ శిక్షణ కోత.

నేను అనేది ఇదీ: గార్డు పేరు మీద కూడా ఒక లైసెన్సు ఉండాలి. ఏజెన్సీ లైసెన్సు ఏజెన్సీకి ఉండనివ్వండి, అది వ్యాపారానికి. మనిషి నేర్చిన పని, అతని మీద కేసులు లేవన్న నివేదిక, అతని ఒంటి పరీక్ష మనిషికి చెందినవి. ఎవరి దగ్గర పనిచేసినా అతనితో పాటు వెళ్లాలి. ఇంగ్లండులో 2001 నాటి చట్టం ప్రకారం కాంట్రాక్టు సంస్థల కింద పనిచేసే గార్డు లైసెన్సు తన పేరునే తీసుకుంటాడు, మూడేళ్లకోసారి కొత్తది చేయించుకుంటాడు. అంత దూరం ఎందుకు, మన పీఎఫ్ ఖాతాలే చూడండి. ఒకప్పుడు కంపెనీ మారితే పీఎఫ్ నంబరు మారేది, పాత డబ్బు కోసం పాత యజమాని సంతకానికి తిరిగేవారు. 2014లో యూఏఎన్ (సార్వత్రిక ఖాతా నంబరు) వచ్చాక పన్నెండు అంకెల నంబరు ఒక్కటే, కార్మికుడు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది. డబ్బు విషయంలో ప్రభుత్వం చేయగలిగిన పనిని శిక్షణ విషయంలో చేయలేకపోవడానికి నాకైతే కారణం కనిపించదు.

దీనికి ఎదురుగా వచ్చే మాట ఒకటి ఉంది, అది తేలికైనది కాదు. గార్డు పేరున లైసెన్సు అంటే మరో దరఖాస్తు, మరో ఫీజు, మరో కౌంటరు, అక్కడ మరో మధ్యవర్తి. ఇప్పుడు దొంగ కార్డు అమ్మేవాడు రేపు అసలు కార్డుకే రేటు పెడతాడు. పైగా కొలతలు కచ్చితంగా అమలు చేస్తే ఆ యాభై అయిదేళ్ల మనిషి రోడ్డున పడతాడు. దరఖాస్తులు నింపి బతికే నాలాంటివాడికి అదనపు బేరం కూడా, కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించి వినవచ్చు.

అయినా నేను అటే నిలబడతాను, రెండు షరతులతో. ఫీజు, శిక్షణ ఖర్చు పనిలో పెట్టుకునేవారు భరించాలి, గార్డు నుంచి వసూలు చేస్తే ఏజెన్సీ లైసెన్సు పోవాలి. రెండోది, పనిని బట్టి కొలత మారాలి. నగదు వ్యానుతో వెళ్లేవాడు, మాల్‌లో గుంపును ఆపేవాడు పరుగెత్తగలగాలి. అపార్టుమెంటు గేటు దగ్గర వచ్చేపోయేవారి పేర్లు రాసుకునే పెద్దాయనకు మంచి చూపు, వినికిడి, ఫోను చేయడం, మంట ఆర్పడం వస్తే చాలు. అందరికీ ఒకే కొలత పెట్టడం వల్లే అందరి కాగితాలూ అబద్ధాలయ్యాయి.

జీతం గురించి చెప్పకుండా శిక్షణ గురించి మాట్లాడితే అది సగం మాటే. ఒక గేటుకు రోజంతా, నెలంతా కాపలా కావాలంటే 720 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఒక సెలవు చొప్పున ఒక మనిషి చేయగలిగేది నెలకు 208 గంటలు. అంటే గేటుకు దాదాపు ముగ్గురున్నర మనుషులు కావాలి. మన అపార్టుమెంటు సంఘాలు ఇద్దరి డబ్బే ఇస్తాయి. పన్నెండు గంటల డ్యూటీ అక్కడే పుట్టింది. పై నాలుగు గంటలకు రెట్టింపు ఓవర్‌టైం ఇవ్వాలన్న మాట ఎవరి నోటా రాదు. సంఘం సమావేశంలో లిఫ్టు మరమ్మతుకు చేయెత్తినవారే ఏజెన్సీ కొటేషన్లలో అన్నిటికంటే తక్కువది ఏదో వెతుకుతారు. ఆ తక్కువలో పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు, ఇరవై రోజుల శిక్షణ ఎలాగూ ఉండదు. కనీస వేతనాలు, పీఎఫ్, బోనసు, గ్రాట్యుటీ చట్టాలను 2005 చట్టం తన షెడ్యూలులో చేర్చింది. వాటిని ఉల్లంఘించినందుకు ఏజెన్సీ లైసెన్సు రద్దు చేయవచ్చు. కొటేషను మీద సంతకం పెట్టే కార్యదర్శిగారికి ఆ సంగతి ఎవరైనా చదివి వినిపించాలి.

(మెట్ల కింద గదిలో కుటుంబంతో ఉండే వాచ్‌మన్‌ను సంఘమే నేరుగా పెట్టుకుంటుంది కాబట్టి, మధ్యలో ఏజెన్సీ లేదు కాబట్టి, ఈ చట్టం అతని గుమ్మం దాకా రాదు. అతని భార్య చేసే చాకిరీకి అసలు జీతమే ఉండదు. అది వేరే వ్యాసం.)

ఆడవారి గురించి కూడా ఒక మాట. ఆసుపత్రులు, కాలేజీలు, బట్టల షోరూములు ఇప్పుడు మహిళా గార్డులను వెతుకుతున్నాయి, ఆడవారిని తనిఖీ చేయాలంటే ఆడవారే కావాలి కనుక. డ్వాక్రా సంఘాలలో పద్దులు రాసిన అనుభవం ఉన్నవారు ఈ పనిలో మగవారికంటే చురుగ్గా ఉండడం నేను చూశాను. రాత్రి డ్యూటీ తర్వాత పల్లెకు బస్సు లేకపోవడమే వారికి పెద్ద అడ్డంకి.

ముందుముందు పోటీ పెరుగుతుంది. నాలుగేళ్ల సర్వీసు తర్వాత అగ్నివీరులలో నాలుగో వంతుకు మించి సైన్యంలో కొనసాగరు, మిగతావారు ఇళ్లకు వస్తారు. అలాంటివారు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో తక్కువ ఉండరు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి డబ్బు వసూలు చేసే మధ్యవర్తులు అప్పుడే బయలుదేరారు. విమానాశ్రయ భద్రత ప్రైవేటు ఏజెన్సీ ఇచ్చే ప్లాస్టిక్ కార్డుతో దొరికే ఉద్యోగం కాదు, దానికి వేరే తనిఖీలు, వేరే అనుమతులు ఉన్నాయి.

చట్టం మారేదాకా చేరబోయేవారు చూసుకోవలసినవి చూసుకోవాలి. ఏజెన్సీ ఆఫీసుకు వెళ్లినప్పుడు గోడ మీద లైసెన్సు ఉందో లేదో, అందులో మన జిల్లా ఉందో లేదో, అయిదేళ్ల గడువు దాటిందో లేదో చూడండి. ఆ లైసెన్సుకు ఫొటో తీసుకుంటానంటే కాదనే ఏజెన్సీని నమ్మవద్దు. యూనిఫాం మీద పోలీసు, సైన్యం గుర్తులను పోలినవి ఉంటే తీసేయమనండి. అలాంటి దుస్తులు వేసుకున్నవాడికీ, వేయించిన యజమానికీ 21వ సెక్షను కింద ఏడాది దాకా జైలు ఉండవచ్చు. శిక్షణ పూర్తయితే నియమాలలో చెప్పిన ఫారంలో పత్రం ఇవ్వాలి. అది శిక్షణ పొందినవారి పేరున ఉండే పత్రం, అసలుది మీ దగ్గర పెట్టుకుని ఏజెన్సీకి నకలు ఇవ్వండి. మొదటి జీతం రోజునే యూఏఎన్ అడగండి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ వర్తించే సంస్థ అయితే మీ వాటా జీతంలో 0.75 శాతమే, అంతకంటే ఎక్కువ కోస్తే స్లిప్పు పట్టుకుని నిలదీయండి. పదో తరగతి సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు ఆఫీసులోనే ఉంచాలంటే ఒప్పుకోవద్దు. పైడిభీమవరం ఫ్యాక్టరీల వైపు ఆ షరతు లేకుండా తీసుకునే ఏజెన్సీలు కూడా ఉన్నాయి, అడిగినవారికి చెబుతాను.